మింగుడుబండ దగ్గర పోసిన రంగు

మా నాన్నది ఖమ్మంలో మోటార్లు చుట్టే దుకాణం. బావుల్లో, బోర్లలో కాలిపోయిన మోటార్లను రైతులు ఆటోల్లో వేసుకుని తెస్తారు. నాన్న వాటిని విప్పి, మాడిపోయిన తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇస్తాడు. చిన్నప్పుడు నేను బడి నుంచి నేరుగా దుకాణానికే వెళ్ళేదాన్ని. మోటారు విప్పగానే నాన్న నన్ను పిలిచేవాడు.

"ఇది ఏ దిక్కుదో చెప్పు బేటా."

లోపల పేరుకున్నది చూసి చెప్పాలి. నల్ల బురద ఉంటే కల్లూరు వైపుది. సన్న ఇసుక ఉంటే మున్నేరు పక్కది. గోరుతో గీకినా రాని తెల్లటి గట్టి పొర ఉంటే కారేపల్లి వైపుది. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు సరిగ్గానే చెప్పేదాన్ని. తప్పు చెప్పిన రోజున నాన్న నవ్వి, రైతును పిలిచి ఏ ఊరో ఆయన నోటితోనే చెప్పించేవాడు.

అందుకే భూగర్భజలాల మీద పరిశోధనకు చేరతానన్నప్పుడు చుట్టాలందరూ "ఆడపిల్లకు బావుల చదువేంది?" అన్నారు గాని నాన్న అనలేదు. "నేను పైకొచ్చిన మోటార్లు చూస్తున్న. కింద నీళ్ళు ఏం చేస్తున్నయో నువ్వు చూసి చెప్పు" అన్నాడు.

నేను ఎంచుకున్న చోటు కారేపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక కోయ ఊరు. ఊరి వెనకాల కొండ. కొండ మొదట్లో బండ కింద నుంచి ఏడాది పొడవునా నీళ్ళు ఊరుతూ ఉంటాయి. మే నెలలో చుట్టుపక్కల చేతిపంపులన్నీ గాలి కొడుతున్నప్పుడు కూడా ఆ ఊటలో బిందె మునుగుతుంది. ఆ కొండల్లో ఉండేది ఎక్కువగా సున్నపురాయి జాతి తెల్లరాయి. వాననీళ్ళకు అది కొద్దికొద్దిగా కరుగుతుంది. వేల ఏళ్ళు కరిగితే లోపల సందులు, గొట్టాలు ఏర్పడతాయి. ఒకచోట దిగిన నీళ్ళు ఆ గొట్టాల వెంట నడిచి ఎక్కడో తేలతాయి. ఎక్కడ దిగినవి ఎక్కడ తేలుతున్నాయో తెలిస్తే, ఏ చోటును శుభ్రంగా కాపాడుకోవాలో ఊరికి తెలుస్తుంది. నా పరిశోధన మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

కొండకు తూర్పున ఒక వాగు ఉంది. వానాకాలంలో జోరుగా పారుతూ వచ్చి, ఒక పెద్ద బండ దగ్గర నెర్రెలోకి దిగి మాయమైపోతుంది. బండకు అవతల వాగు ఎండిపోయి ఉంటుంది. ఊరివాళ్ళు దాన్ని మింగుడుబండ అంటారు. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ నెర్రె పక్కన కూర్చుని చాలాసేపు కదల్లేదు. అంత వాగూ గుటగుటమంటూ లోపలికి పోతోంది. ఇంకెక్కడికి పోతుంది, ఊటలోకే అని అప్పుడే నిర్ణయించుకున్నాను. పటంలో మింగుడుబండ నుంచి ఊటకు పెన్సిలుతో గీత కూడా గీశాను.

దాన్ని రుజువు చేయడానికి ఒక పాత పద్ధతి ఉంది. మింగే చోట రంగు పొడి కలుపుతారు. తేలే చోట సీసాలతో నీళ్ళు పడుతూ రంగు కోసం చూస్తారు. ఆ పొడి చూడటానికి కుంకుడు పొడికి సింధూరం కలిపినట్టు ఉంటుంది గాని, నీళ్ళలో పడగానే లేత వరిమడిలాంటి ఆకుపచ్చ రంగు వస్తుంది. గ్లాసెడు పొడి వాగుకు వాగునే పచ్చగా చేస్తుంది. మనుషులకూ చేపలకూ ఆ కాస్త మోతాదులో హాని లేదు. అయినా పంచాయతీకి, అటవీ కార్యాలయానికి కాగితాలు పెట్టుకుని, ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చెప్పాను.

అలా తిరుగుతున్నప్పుడే ఊట పక్క ఇంటి అవ్వ నన్ను ఆపింది. డెబ్భై దాటి ఉంటాయి. ఊటలో పడ్డ ఆకులు రోజూ తీసేది, రాళ్ళకు పట్టిన నాచు గీకేది ఆమే. నా పటం చూపించి, మింగుడుబండ దగ్గర రంగు పోస్తానని చెప్పాను.

"ఆడ పోస్తే ఈడికెట్ల వస్తది బిడ్డా?" అంది.

"అక్కడ దిగే నీళ్ళే కదవ్వా ఇక్కడ తేలేది."

"కాదు. మా ఊట నీళ్ళు పొద్దుగూకే దిక్కు నుంచి వస్తయ్. పడమటి ఒర్రె నుంచి."

"నీకెట్ల తెలుసవ్వా?"

"తెలుసు" అంది. వివరం చెప్పబోయింది గాని, ఆ సాయంత్రం నాకు ఆఖరి బస్సు తొందర. నోట్‌బుక్కులో 'పడమటి ఒర్రె — ఒక వృద్ధురాలి అభిప్రాయం' అని రాసుకుని వచ్చేశాను. నిజం చెప్పాలంటే, రాసుకోవడం కూడా ఆమెను చిన్నబుచ్చకూడదని. పడమటి ఒర్రె నేను చూశాను. సన్నటి పాయ. రాళ్ళ మధ్య చిన్న మడుగు కట్టి, అక్కడి నుంచి ఎటు పోతుందో తెలియకుండా ఇంకిపోతుంది. మింగుడుబండ ముందు అది ఏపాటి?

రంగు పోయాల్సిన వారం వచ్చేసరికి నాకు తోడు రావాల్సిన జూనియర్‌కు జ్వరం పట్టుకుంది. ఈ పనికి ఇద్దరు కావాలి. రంగు ముట్టుకున్న చేయి సీసాలు ముట్టుకోకూడదు. గోరు సందులో రవ్వంత పొడి ఉన్నా చాలు, మంచినీళ్ళ సీసా కూడా పచ్చబడి లెక్కంతా తప్పుతుంది. వానలు వెనకబడితే వాగు తగ్గిపోతుంది. మా గైడు గారు ఫోనులో "ఒక్కదానివే అడవిలోకి వెళ్ళొద్దు. నమ్మకంగా సీసాలు పట్టేవాళ్ళు ఎవరైనా దొరుకుతారేమో చూడు" అన్నారు.

అన్నం తింటూ ఈ మాటే ఇంట్లో చెప్పాను. నాన్న ప్లేటులోంచి తల ఎత్తాడు.

"నేనొస్త. సీసాలే కదా పట్టేది."

"దుకాణం అబ్బా?" అన్నాను. ఇంట్లో నాన్నను అలాగే పిలుస్తాను.

"దుకాణం ఎటు పోతది?"

పండగలకు తప్ప నాన్న దుకాణం మూయడం నేను చూడలేదు. మర్నాడు షట్టరు దించి, 'మూడు రోజులు సెలవు' అని అట్టముక్క మీద రాసి కట్టాడు. తెల్ల కుర్తా, భుజాన టవలు, చేతిలో టిఫిన్ డబ్బాతో బస్సెక్కాడు. దారిలో కనిపించిన ప్రతి బావినీ కిటికీలోంచి వంగి చూస్తూ, ఎవరిది, ఏ మోటారు, ఎన్నిసార్లు కాలింది అని చెబుతూనే ఉన్నాడు. నీళ్ళతోనే బతికిన మనిషి, నీళ్ళు మోటారు లేకుండా తమంతట తాము భూమిలోంచి రావడం మాత్రం ఆ రోజే మొదటిసారి చూశాడు. ఊట ముందు నిలబడి దోసిలి పట్టి తాగి, మళ్ళీ పట్టి తాగి, నా వైపు తిరిగాడు.

"కరెంటు లేదు, పైపు లేదు. ఊకెనే వస్తున్నయ్" అన్నాడు.

అవ్వ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. "ఊకెనే ఏం రావు. కొండ పంపుతది" అంది.

ఆ మధ్యాహ్నం అటవీశాఖ గార్డును తోడు తీసుకుని నేను మింగుడుబండ దగ్గర రంగు పోశాను. నాన్న ఊట దగ్గరే ఉన్నాడు. ఆ సింధూరం రంగు పొడి నీళ్ళను తాకగానే వాగు ఒక్కసారిగా వెలిగినట్టు పచ్చబడింది. ఆ పచ్చ తాడులా పేనుకుంటూ నెర్రెలోకి దిగిపోయింది. పది నిమిషాల్లో వాగు మళ్ళీ మామూలు నీళ్ళే. చేతికి తొడుగులు వేసుకున్నా మణికట్టు దాకా పచ్చ అంటింది. అందుకని ఊటకు దూరంగా పాఠశాల వరండాలోనే మకాం పెట్టాను. నాన్న రెండు గంటలకొక సీసా పట్టి, చీటీ అంటించి, పెట్టెలో సర్దాడు. మోటారు తీగ చుట్లు లెక్కబెట్టే అలవాటేమో, ఒక్క సీసా కూడా వేళ తప్పలేదు.

ఆడవాళ్ళు ముందురోజే బిందెలు నింపి పెట్టుకుని వింత చూడటానికి ఊట చుట్టూ చేరారు. మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు పొద్దుటికి ఊట ఎప్పటిలాగే అద్దంలా ఉంది.

"మీ రంగు కొండ తాగేసిందా ఏంది?" అని పాఠశాల మీదుగా పోతూ ఒకామె అడిగితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని లోపల నీరసం వచ్చేసింది. రెండేళ్ళుగా ఆ గీత మీదే నా పని అంతా కట్టుకుంటూ వచ్చాను. అవ్వ మాత్రం నవ్వలేదు. వరండాకే జావ తెచ్చి ఇచ్చి, "ఆడికి పొయ్యేది ఆడికి పోతది. తాగు ముందు" అంది.

ఆ ఊళ్ళో ఫోను సిగ్నలు ఒక్క పాఠశాల మెట్ల మీదే అందుతుంది. మూడో రోజు పదిగంటల వేళ నాన్న ఇంటికి ఫోను చేద్దామని అక్కడికి వచ్చాడు. చేసేలోపే ఆయన ఫోనే మోగింది. అవతలి గొంతు నాకూ వినబడేంత గట్టిగా ఉంది.

"భాయ్! మోటారులో ఏం పోశావయ్యా? నీళ్ళు ఆకుపచ్చగా వస్తున్నాయి!"

ఆ రైతు నాకూ తెలుసు. వాళ్ళ నాన్నగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కారేపల్లి దగ్గర భూమి కొని స్థిరపడ్డ కుటుంబం. మిర్చి, పత్తి వేస్తారు. ఆయన బావి మోటారు కాలిపోతే నాన్న అంతకు పది రోజుల ముందే కొత్తగా చుట్టి ఇచ్చాడు.

నాన్న ముఖం వాడిపోయింది. "ఆకుపచ్చనా? అన్నా, నేను పోసింది వార్నిష్. అది పచ్చగ ఉండదు. గట్టిగ ఆరినంకనే పంపిన. ముప్ఫై ఏండ్ల సంది..."

"నేనేం అబద్ధం చెబుతున్నానా? బావి మొత్తం చిలకలాగా ఉంది. మా ఆవిడ చీర ఉతకబోయి కేక పెట్టింది. నువ్వొచ్చి చూడు!"

"వస్త అన్నా, ఇప్పుడే వస్త. నీళ్ళు ఎవరూ..." అంటూ నాన్న ఆగిపోయాడు. నోరు తెరిచి అలాగే నా వైపు తిరిగాడు. నా మణికట్టు వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను.

"బేటా," అన్నాడు నెమ్మదిగా, ఫోను చెవికి అలాగే పెట్టుకుని, "పచ్చ రంగంటున్నడు."

నేను మెట్ల మీదే ఒక్క గెంతు గెంతాను. ఫోను లాక్కుని, "పెద్దనాన్నా, ఏ పచ్చ? లేత పచ్చా? మెరుస్తోందా? ఎప్పటి నుంచి?" అని అరిచాను. ఆయన బిత్తరపోయి ఉంటాడు. బావి పాడైందని ఫోను చేస్తే అవతల ఒక ఆడపిల్ల పండగ చేసుకుంటోంది.

ఆటో మాట్లాడుకుని ఇద్దరం పరుగున వెళ్ళాం. ఆ బావి కొండకు ఎంతో దూరాన, మైదానంలో, మిర్చి చేల నడుమ ఉంది. గట్టు మీద రైతు, ఆయన భార్య, నలుగురైదుగురు కూలి ఆడవాళ్ళు నిలబడి లోపలికి తొంగి చూస్తున్నారు. నేనూ చూశాను. నా రంగే. మింగుడుబండ దగ్గర నా చేతులతో పోసిన రంగు, కొండ కిందుగా, ఊరి కిందుగా, చేల కిందుగా మూడు రోజులు నడిచి ఆ బావిలో తేలింది. ఎక్కడ దిగిందో ఎక్కడ తేలిందో భూమ్మీద ఇద్దరికే, నాకూ నాన్నకూ మాత్రమే, తెలిసిన ఆ కాసేపు నాకు ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

రైతుకు పులకరింత ఏమీ లేదు. నేను చేసిన పనంతా చెప్పి, ఇటువైపు వస్తుందని అనుకోలేదు, అందుకే మీకు ముందుగా చెప్పలేదు, తప్పు నాదే అని క్షమాపణ అడిగాను.

"విషం కాదు కదమ్మా?" అంది ఆయన భార్య.

"కాదు పెద్దమ్మా."

"కాదంటే ఎలా నమ్మమంటావ్?" అన్నాడు ఆయన.

బక్కెట వేసి నీళ్ళు తోడి, గ్లాసులో పోసుకుని, వాళ్ళ ముందే గటగటా తాగేశాను. గ్లాసు ఇంకా కింద పెట్టకముందే నాన్న అందుకున్నాడు. ఇంకో గ్లాసు నింపుకుని, "బిస్మిల్లా" అని, ఆయనా తాగాడు. మూతి తుడుచుకుని, "నీళ్ళు మంచిగనే ఉన్నయ్ అన్నా. నా మోటారు తప్పు మాత్రం ఏం లేదు" అన్నాడు. అప్పటికి గాని ఆ రైతు ముఖాన నవ్వు రాలేదు.

భోజనానికి ఉండిపొమ్మన్నారు. తింటూ నేను పటం పరిచి, మింగుడుబండ ఎక్కడో చూపించాను. ఆయన ముద్ద కలపడం ఆపి పటం మీదకు వంగాడు.

"ఈ వాగు... దీని ఎగువనే కదా మన కౌలు పత్తి" అన్నాడు భార్యతో.

"అవును. మందు కొట్టాక ట్యాంకులు కడిగేది అందులోనే కదండీ."

"అంటే నేను పోసింది నాకే వస్తోంది" అన్నాడాయన. అని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఏడాది నుంచి ట్యాంకులు వాగులో కడగడం మానేసి, చేలోనే గుంత తీసి కడుగుతున్నాడు. పక్క చేల వాళ్ళ దగ్గరకు వెళ్ళి, బావి పచ్చబడ్డ కథ చెప్పి, వాళ్ళ చేతా మాన్పించాడు. నేను వంద కాగితాలు పంచినా అది జరిగేది కాదు.

గైడు గారికి ఫోను చేసి నా గీత తప్పయిందని చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, "తప్పేముంది, కొత్త గీత దొరికింది కదా. మరి ఊట నీళ్ళు ఎక్కడివి?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి అవ్వ అరుగు మీద కూర్చున్నాను. ఈసారి బస్సు తొందర పెట్టుకోలేదు.

"అవ్వా, పడమటి ఒర్రె అన్నవ్ కదా. ఎట్ల తెలుసో చెప్పు."

ఆమె నిష్ఠూరమాడలేదు. సావధానంగా చెప్పింది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ పోడు పడమటి ఒర్రె పక్కనే ఉండేది. సామలు అక్కడే దంచి, చెరిగి, పొట్టును మడుగులో పోసి ఆడపిల్లలందరూ ఆడుకునేవాళ్ళు. పొట్టు సుడి తిరుగుతూ రాళ్ళ సందులోకి పోయేది. తెల్లారి ఇక్కడ ఊటలో తేలేది.

"మా యవ్వ బిందె ముంచితే బిందె నిండ పొట్టే. నా వీపు వాయగొట్టింది. గట్ల రెండు మూడుసార్లయింది. నీ రంగు లెక్కనే మా పొట్టు."

నేను పుస్తకాల్లో చదువుకున్న ప్రయోగాన్ని ఈమె ఆరేడేళ్ళ వయసులో, దెబ్బలు తింటూ, రెండు మూడుసార్లు చేసి చూసుకుంది. ఆ మాటే ఆమెతో అంటే పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది.

మొదటి రంగు పూర్తిగా కడుక్కుపోయేదాకా ఆగి, మళ్ళీ కాగితాలు పెట్టుకుని, ఈసారి రైతుకు కూడా ముందుగా చెప్పి, రెండోసారికి సిద్ధమయ్యాం. నాన్న మళ్ళీ దుకాణం మూసి సీసాలు పట్టడానికి వచ్చాడు. ఊట దగ్గర నేనే ఉండాలని నా పట్టు. అలాగైతే పొడి మేమిద్దరమూ ముట్టుకోకూడదు. ఎవరు పోస్తారా అని చూస్తుంటే అవ్వ చీర కుచ్చెళ్ళు దోపుకుని లేచింది.

"పొట్టు పోసింది నేను. రంగూ నేనే పోస్త."

అటవీశాఖ గార్డు తోడు వెళ్ళాడు. పొట్లం కత్తిరించి మడుగులో పోసేటప్పుడు ఆమె తొడుగులు వేసుకోలేదట. "జారుతున్నయ్" అని తీసి పారేసిందట. తిరిగి వచ్చేసరికి మోచేతుల దాకా పచ్చ. ఊట వైపు రావద్దని, దేన్నీ ముట్టుకోవద్దని నేను దూరం నుంచే అరిచాను. పాపం, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి వీధి మధ్యలో నిలబడిపోయింది.

"ఇగ అన్నమెట్ల తినాలె బిడ్డా?"

కోడలు అన్నం కలిపి నోట్లో ముద్దలు పెట్టింది. ఆమె చేతులు చాచి కూర్చుని, చంటిపిల్లలా నోరు తెరుస్తుంటే ఊరంతా చుట్టూ చేరి నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆమే. ఆ చేతులతోనే రెండు రోజులు తిరిగింది.

మర్నాడు తెల్లారింది. ఆవులు అడవికి పోతున్న వేళ నాన్న సీసా ముంచి తీశాడు. అప్పటికే పది సీసాలు పట్టాం, అన్నీ తెల్లగానే ఉన్నాయి. ఆయన అలవాటుగా సీసాను తన తెల్ల కుర్తాకు ఆనించి చూశాడు. తీసి మళ్ళీ ఆనించాడు.

"బేటా, నాకు కళ్ళు మసకేసినయా?"

వంగి చూశాను. మసక కాదు. నిమ్మపండు తొక్కంత లేత పచ్చ, ఉందా లేదా అన్నట్టు. నేను జవాబు చెప్పేలోపే బండ కింద నుంచి ఒక పచ్చటి పాయ నీళ్ళలోకి జారి, విచ్చుకుని, ఊటంతా పరుచుకుంది.

నేను ఏడ్చానో నవ్వానో తెలియదు. నాన్న మాత్రం సీసా పట్టుకునే ఊళ్ళోకి పరుగెత్తాడు. "వచ్చింది! వచ్చింది! అవ్వా, నీ రంగు వచ్చింది!" అని అరుస్తూ గడప గడపకూ వెళ్ళాడు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు అందరూ వచ్చారు. కోయ మాటల్లో ఏమేమో అనుకుంటున్నారు, నాకు సగమే అర్థమైంది. అవ్వ చివరన నింపాదిగా వచ్చింది. వంగి చూసి, ఊట మీద తన పచ్చ చేతులు రెండూ చాచి, ఆ రంగూ ఈ రంగూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. "నేను చెప్పలే?" అని నాతో అనలేదు. మా నాన్నతో అంది. "అవ్ అవ్వా, నువ్వు చెప్పినవ్. మా బేటానే వినలే" అని నాన్న వెంటనే నన్ను పట్టించాడు.

ఆ రోజు ఊళ్ళో రెండు కోళ్ళు కోశారు. మాకోసమని నాన్న చేతనే కోయించారు. రైతు దంపతులు వింత చూడటానికి బండి మీద వచ్చి, ఒక బస్తా వంకాయలు, బెండకాయలు దించారు. మధ్యాహ్నానికి ఊట మళ్ళీ తేటపడింది. ఆడవాళ్ళు మొదటి బిందె ముంచుకునేదాకా ఉండి, నేనూ నాన్నా సీసాల పెట్టె మోసుకుని బయల్దేరాం. బస్సులో ఆయన పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కనున్న వాళ్ళు అందులో ఏముందని అడిగితే, ఎవరు అడిగితే వాళ్ళకు మొదటి నుంచి మొత్తం చెప్పాడు. ఖమ్మం వచ్చేసరికి బస్సు సగానికి మా పరిశోధన తెలుసు.

పడమటి ఒర్రె చుట్టూ గడ్డిమందు కొట్టకూడదని, చెత్త పారేయకూడదని ఊరు తీర్మానం చేసుకుంది. మడుగు చుట్టూ వెదురు తడికె కట్టారు. నేను సిద్ధాంత గ్రంథం రాసుకున్నాను. మౌఖిక పరీక్షలో పెద్దాయన ఒకరు, "రెండో ప్రయోగానికి ఆ చిన్న మడుగునే ఎందుకు ఎంచుకున్నారు? పటం చూస్తే దానికి ప్రాముఖ్యమే కనబడదు" అన్నారు. ఊరి అవ్వ చెప్పిందని, ఆమెకు ఎలా తెలుసో కూడా వివరంగా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ పొట్టు సంగతి గ్రంథంలో ఎందుకు రాయలేదు? రాయండి. అది మొదటి ప్రయోగం, మీది రెండోది" అన్నారు.

ఒక అధ్యాయం మొదట్లో ఆ సంగతంతా చేర్చి, ఆ పేజీలు పట్టుకుని ఊరికి వెళ్ళాను. అవ్వకు చదవడం రాదు. తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. నా వేలు పట్టుకుని అక్కడి నుంచి కిందికి జరిపి, "ఇదంత ఏంది మరి?" అని అడిగింది. అరుగు మీద కూర్చుని, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. ఊట ధార వైశాఖంలో అన్నిటికన్నా సన్నబడుతుందని చదివిన చోట కళ్ళు తెరిచింది.

"వైశాఖంల కాదు. జ్యేష్ఠంల, మొదటి వాన పడే ముంగట. రాసుకో."

"నేను రెండేళ్ళు కొలిచిన కదవ్వా."

"రెండేండ్లు కొలిస్తే ఏం తెలుస్తది?" అంది.

సంచిలోంచి పెన్సిలు తీసి, ఆ వాక్యం పక్కన ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఇంకేమైనా తప్పులుంటే ఇప్పుడే చెప్పమని, తరువాతి పేజీ తిప్పాను.